ఒకే తూకం, వేరు వేరు చెట్లు

టీ నీళ్లు తాగని కూలీ మన వూళ్లలో లేడు. ఆ ఆకు ఎలా పండుతుందో తెలిసిన వాళ్లు మాత్రం తక్కువ. బ్రిటిషు కాలంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి సర్దార్ల మాటలు నమ్మి అస్సాం తోటలకు పోయిన మనవాళ్ల సంతతి యిప్పటికీ అక్కడ వుంది. కనుక యిది పరాయి సంగతేం కాదు.

తేయాకులో ముఖ్యంగా రెండు రకాలు. చైనా రకం పొట్టి పొద, చిన్న ఆకు, చలికి ఓర్చుకుంటుంది. డార్జిలింగ్ కొండల్లో దొరలు ఎక్కువగా నాటించింది యిదే. అస్సాం రకానిది పెద్ద ఆకు. వదిలేస్తే మానై కూచుంటుంది, నడుం ఎత్తున ఆపేది కత్తిరింపే. 1823లో రాబర్ట్ బ్రూస్ దీన్ని 'కనిపెట్టాడ'ని రాస్తారు. సింగ్‌ఫో గిరిజనులు అప్పటికే దాన్ని కాచుకు తాగుతున్నారు మరి!

విత్తనంతో మొలిచిన మొక్కకు తల్లివేరు లోతుకు దిగుతుంది. ఒక ఆకున్న కొమ్మ ముక్కను నీడపట్టున సంచిలో వేరు పట్టిస్తే అది క్లోన్ మొక్క. 1911లో జోర్హాట్ దగ్గర పెట్టిన టోక్లాయ్ కేంద్రం 1949లో తొలి క్లోన్లను విడుదల చేసింది. అన్నీ ఒకే తీరున చిగురిస్తాయి, దిగుబడి హెచ్చు. తల్లివేరు లేదు కాబట్టి ఎండ ముదిరితే ముందు వాడేదీ యివే.

విజ్ఞానాన్ని మేం కాదనం. పెరిగిన ఆకు ఎవరికి అన్నదే మా ప్రశ్న. అస్సాంలో చాలా తోటల్లో రోజుకు 24 కిలోలు గిల్లితేనే పూర్తి కూలీ. డార్జిలింగ్‌లో చిన్నాకు కనుక 8 కిలోలు. అంటే చెట్టును బట్టి తూకం మారాలన్న న్యాయం యాజమాన్యాలకూ తెలుసన్నమాట. మరి ఒకే తోటలో ముసలి విత్తనపు చెట్లకూ కొత్త క్లోన్లకూ తేడా ఎందుకు చూడరు? బాగా కిందికి కత్తిరించిన యేడు చిగురు ఆలస్యం. వానల్లో ఆకు ముంచెత్తుతుంది, చలి ముందు పలచబడుతుంది. బుట్ట మోసే ఆడకూలీకి యిదంతా వేళ్ల కొసల్లో తెలుసు. తడి ఆకని, బుట్ట బరువని కాటా దగ్గర కోసేసే కిలోల సంగతి సరేసరి.

దేశంలో పండే తేయాకులో సగానికి పైగా యిప్పుడు చిన్న రైతులదే. కోసిన ఆకు ఆ పూటే ఫ్యాక్టరీ చేరాలి, నిలవుండదు. అందుకే వాళ్లు చెప్పిందే ధర. తోటలో కూలీ, బయట చిన్న రైతు, యిద్దరి మెడా ఆ కాటాకే వేలాడుతోంది.

ఏ మడిలో ఏ మొక్క, ఎప్పుడు నాటారు, ఎప్పుడు కత్తిరించారు అన్నది తోట ఆఫీసు పుస్తకాల్లో వుంటుంది. ఆ పుస్తకాలు బల్ల మీద పెట్టి, కూలీ సంఘాలతో కూచుని మడికో తూకం, కారుకో తూకం నిర్ణయించాలి. చిన్న రైతు ఆకుకు కనీస ధర కట్టాలి.