నిందను విడుచుట

అమెరికాలోని రెడ్‌మండ్ పట్టణమున మైక్రోసాఫ్ట్ అను గొప్ప కంపెనీ ప్రధాన కార్యస్థానము కలదు. 2014లో దాని ప్రధానాధికారియైన సత్య నాదెళ్ల హైదరాబాదున జన్మించిన తెలుగువాడు. 1996 ఆగస్టులో ఆయన ప్రథమ కుమారుడు గర్భములోనే ఊపిరి యందక, మూడు పౌనుల బరువుతో పుట్టి, చక్రముల కుర్చీకే పరిమితుడాయెను. నాకేల యీ గతి పట్టెనని తండ్రి యేండ్లతరబడి కుందెను. తల్లియో, కాన్పుకోత మానకమునుపే బిడ్డను వైద్యుల యొద్దకు త్రిప్పుచుండెను. ఆమెను చూచి, కష్టము వచ్చినది తనకు కాదనియు, బిడ్డకనియు ఆయన క్రమముగా గ్రహించెను. బుద్ధుని బోధవలన అనిత్యతతో సమాధానపడ నేర్చితినని 2017లో ప్రకటించిన గ్రంథమున దాచక వ్రాసెను. 2022లో ఆ కుమారుడు మరణించెను.

ధనవంతునికేమి, సులభమే యని తోటల లైనులలో కొందరనవచ్చును. వైద్యమునకు ధనము కావలయును, నిజమే. నిందను మానుటకు కాణీ యక్కరలేదు. లైనులో అవిటి బిడ్డ పుట్టినచో, గ్రహణము చూచితివనియో, బరువు మోసితివనియో అత్త కోడలిని దెప్పుచునే యుండును. మోయక కూలి యెట్లు వచ్చును? ఆ తల్లి తన్ను తానును క్షమించుకొనజాలదు. మాపటివేళ పొయ్యి యార్పిన పిదప ఆ యింటివారందరు కొంతసేపు ఊరక కూర్చుండి, దోషి యెవరను తలంపు విడిచి, ఈ బిడ్డకు రేపేమి కావలయునని ఆలోచించినచో అదియే ధ్యానము. అత్త యట్లు కూర్చుండవలెను, మగడు మొదట కూర్చుండవలెను. నిండుచూలాలిచేత బుట్ట మోయించిన మేస్త్రీని సైతము మన్నింపవచ్చును. మరుసటి గర్భిణికి తేలిక పని యిమ్మని వానిని అడుగుట మాత్రము మానరాదు.