బొమ్మపిట్ట

అమెరికాలో మొంటానా రాష్ట్రంలో ఉంటున్న మా శిష్యుడొకడు మొన్న వచ్చి, "మాష్టారూ, వేట రైఫిలుకి కొత్త దుర్భిణీ కొనాలి. మర తిప్పేదా, గీతలదా?" అన్నాడు. వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ణి, నన్నా అడగడం! మన దేశంలో వేట నేరం. అక్కడ లైసెన్సు తీసుకుని, వేట రోజులొచ్చాక వెళతారట.

తూటా తిన్నగా పోదు సుమండీ. 100 గజాలకి గురి కుదిర్చిన రైఫిలు 300 గజాల దగ్గర అడుగు పైచిలుకు కిందికి కొడుతుంది. అందుకని దుర్భిణీ నెత్తిమీది మరను టిక్కుటిక్కున తిప్పి సరిచేసుకోవాలి. లేదా అద్దంలో అడ్డగీతకి దిగువనున్న చిన్న గీతతో గురి చూడాలి. మర ఖచ్చితమే, కాని తిప్పిన సంగతి మరిచారో, తరువాతి తూటా ఎటో పోతుంది. గీతలతో పని త్వరగా అవుతుంది. అయితే చాలా దుర్భిణీల్లో ఆ గీతలు ఒక్క జూము దగ్గరే నిజం చెబుతాయి.

మావాడు కిందటేడు 14 రెట్ల దగ్గర చూడవలసిన గీతని 10 రెట్ల దగ్గర చూశాడు. దెబ్బ ఇంచుమించు అరడుగు ఎత్తున తగిలింది. జింక పడలేదు, పరుగెత్తింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కల వెంట తిరిగాడట. దొరకలేదు.

అర్జునుడి గురి గురించి క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! ద్రోణుడు చెట్టుమీద పెట్టింది బొమ్మపిట్ట.

"బొమ్మతోపాటు గీతలూ పెరిగే రకం ఉందన్నావుగా, అది కొను."

"జూము తగ్గిస్తే గీత సన్నబడి, సందెవెలుగులో కనిపించదండీ."

"కనిపించకపోతే కొట్టకు."

ఏది కొన్నాడో, ఇంకా కబురు రాలేదు.