బరువు లాగే బండికి పొగగొట్టం ఎంత వెడల్పుండాలి?

పికప్ బండికి కొత్త సైలెన్సర్ వేయించదలచిన యజమాని షెడ్డులో మొదట అడిగేది శబ్దం ఎలా ఉంటుందని, ఆ తరువాత అడిగేది పైపు ఎన్ని అంగుళాలదని. వీటన్నిటికంటే ముందు తేలవలసిన సంగతి, ఆ ఇంజన్ రోజులో ఎక్కువసేపు ఎంత వేగంతో తిరుగుతూ పని చేస్తుందన్నది, చాలాసార్లు చర్చకే రాదు. పందెపు కారు ఇంజన్ నిమిషానికి ఆరేడు వేల చుట్ల దగ్గర తన సత్తా చూపుతుంది. పికప్ ఇంజన్ మాత్రం తొట్టినిండా బరువు వేసుకొని, నిమిషానికి 1500 నుంచి 2500 చుట్ల మధ్యనే తన ఆయుష్షులో అధికభాగం గడుపుతుంది. పొగగొట్టం కొలత ఈ రెండో లెక్కకు సరిపోవాలే గాని, కేటలాగులో ముద్రించిన గరిష్ఠ హార్స్‌పవర్‌కో, పక్క బండికి ఉన్న లావుపాటి గొట్టానికో సరితూగనక్కరలేదు.

మండిన వాయువు సిలిండర్ నుంచి ఎడతెగని ధారగా రాదు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ అది ఒక ఒత్తిడి దెబ్బగా బయటపడి పైపు వెంట పరుగెత్తుతుంది, దాని వెనుక క్షణకాలం ఒత్తిడి పడిపోయిన చోటు ఏర్పడుతుంది. లోపలికి గాలి తెచ్చే వాల్వు, పొగను పంపే వాల్వు రెండూ కలిసి తెరిచి ఉండే స్వల్ప వ్యవధిని ఓవర్‌ల్యాప్ అంటారు. సరిగ్గా ఆ వ్యవధిలో ఈ లోటు వాల్వు దగ్గరికి చేరితే, సిలిండర్‌లో మిగిలిన పాత పొగను పీల్చివేసి కొత్త గాలికి చోటు చేస్తుంది. దీనికి స్కావెంజింగ్ అని పేరు. వాయువు చురుకుగా సాగినంతకాలం ఈ పీల్పు బలంగా ఉంటుంది. పంటకాలువను అవసరానికి మించి వెడల్పు చేస్తే నీటి నడక మందగించినట్లే, పైపు మరీ లావైతే తక్కువ చుట్ల దగ్గర వాయువు నెమ్మదించి, పీల్పు తగ్గి, బరువు లాగవలసిన చోటే బండి నీరసిస్తుంది. ఇంజన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్, అంటే వెనక్కి నెట్టే ఒత్తిడి, ఉండి తీరాలని షెడ్లలో బలంగా వినిపించే మాట ఈ అనుభవం నుంచి పుట్టిందే. లావు గొట్టం వేశాక లాగుడు తగ్గిందన్న పరిశీలన నిజమే, చెప్పే కారణం మాత్రం సరికాదు: వెనక్కి నెట్టే ఒత్తిడి ఏ ఇంజన్‌కూ మేలు చేయదు, మేలు చేసేది వాయువు వేగం. ఈ ప్రభావం అంతా ఇంజన్‌కు దగ్గరగా ఉన్న మానిఫోల్డ్‌లోను, ముందు పైపులోను అధికంగా ఉంటుంది. సైలెన్సర్ దాటి వెళ్లేసరికి వాయువు చల్లబడి ముడుచుకుంటుంది కనుక, చివరి పైపు ముందు పైపుకంటే కొంచెం సన్నగా ఉన్నా నష్టం లేదు.

ఈ విషయం అంకెలలో చూడాలంటే అమెరికా పికప్‌లలో దశాబ్దాలపాటు వాడిన షెవర్లే 350 ఘనపుటంగుళాల వీ-8 ఇంజన్ మంచి ఉదాహరణ. దాని పరిమాణం 5.7 లీటర్లు, నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది కాబట్టి చుట్టుకు 2.85 లీటర్ల చొప్పున, ఎంత బాగా నిండినా 5000 చుట్ల దగ్గర నిమిషానికి 14,250 లీటర్ల గాలిని, 2000 చుట్ల దగ్గర 5,700 లీటర్లను మాత్రమే పీల్చగలదు. అదే గాలి వేడికి ఉబ్బి రెండింతలకు పైగా పెరిగి బయటికి వస్తుంది. పైపు అమర్చే వృత్తివారు అక్కడ వాడే మోటు లెక్క ప్రకారం ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి 2.2 ఘనపుటడుగుల దారి కావాలి, పైపు లోపలి అడ్డుకోతలో ఒక్కో చదరపు అంగుళం సుమారు 115 ఘనపుటడుగులను సాఫీగా పంపుతుంది. 1990 ప్రాంతంలో పికప్‌లలో వచ్చిన ఆ ఇంజన్ 4000 చుట్ల దగ్గర 210 హార్స్‌పవర్ ఇచ్చేది. దానికి 462 ఘనపుటడుగుల దారి చాలు. బయటి కొలత రెండున్నర అంగుళాలున్న పైపుకు, రేకు మందం తీసివేస్తే, లోపల 4.4 చదరపు అంగుళాల వైశాల్యం మిగులుతుంది, అది 500 ఘనపుటడుగులకు పైగా పంపగలదు. అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌కు సైతం ఒకే ఒక్క రెండున్నర అంగుళాల పైపు సరిపోతుంది. మూడంగుళాల పైపు లోపలి వైశాల్యం 6.5 చదరపు అంగుళాలకు చేరుతుంది. అర అంగుళమే కదా అనిపించినా వైశాల్యం దాదాపు సగం మేర పెరిగి, వాయువు వేగం మూడో వంతు పడిపోతుంది. ఇంజన్ లోపలి భాగాలు మార్చి 300 హార్స్‌పవర్ దాటించినవారికే ఆ కొలత న్యాయం. రెండు పైపులు రెండున్నర అంగుళాలవి వేయించడం అమెరికాలో చాలామంది ముచ్చట. అప్పుడు దారి రెట్టింపై, వేగం సగానికి దిగుతుంది. జంట పైపులే కావాలనుకుంటే ఒక్కొక్కటి రెండంగుళాలది చాలు, అదీ రెండింటినీ ముందుభాగంలో ఒక అడ్డుపైపుతో కలిపినప్పుడే, ఎందుకంటే ఈ వీ-8లో ఒక్కోవైపు నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలవు, వరుసగా రెండు దెబ్బలు ఒకే పైపులో పడే సందర్భాలున్నాయి.

కొలత కుదిరాక వంపుల సంగతి చూడాలి. సాధారణ యంత్రంతో వంచిన పైపు మూలమలుపు దగ్గర నొక్కుకుపోయి, లోపలివైపు ముడతలు పడుతుంది. లోపల ఉక్కు గుండును నిలిపి వంచే మాండ్రెల్ పద్ధతిలో గుండ్రదనం చెడదు. వెనుక యాక్సిల్ మీదుగా ఎక్కి దిగవలసిన పికప్ పొగగొట్టంలో ఇలాంటి మలుపులు తప్పవు కాబట్టి, మూడంగుళాల నొక్కుడు పైపుకంటే రెండున్నర అంగుళాల మాండ్రెల్ పైపు మీద డబ్బు పెట్టడం తెలివైన పని.

పొగగొట్టానికి సైలెన్సర్ అమర్చే ఆలోచన మోటారు బండితోపాటే పుట్టింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రీవ్స్ సోదరులు 1897లోనే దానికి పేటెంటు పొందారు. నేటి సైలెన్సర్లు ప్రధానంగా రెండు తీరులవి. మొదటిది గదుల సైలెన్సర్: లోపలి అడ్డుగోడలకు తగిలి వెనక్కి మళ్లిన ధ్వని తరంగం ఎదురు వచ్చే తరంగాన్ని కొంతమేర రద్దు చేస్తుంది. రెండోది సూటిదారి సైలెన్సర్: నిండా రంధ్రాలున్న గొట్టం చుట్టూ గాజునూలు కూరి, ధ్వనిశక్తిని ఆ నూలులో ఇంకిపోనిస్తారు. మొదటిది బొంగురు, లోతు శబ్దాలను బాగా అణచివేస్తుంది గాని వాయువుకు మలుపులు పెడుతుంది. రెండోది దారి ఇస్తుంది, కీచు శబ్దాలను మింగుతుంది, లోతు శబ్దాన్ని మాత్రం వదిలేస్తుంది, పైగా కొన్నేళ్లకు నూలు కాలి, చెదిరి, గోల పెరుగుతుంది. ఏ తీరుదైనా సైలెన్సర్ పొట్ట పెద్దదయ్యేకొద్దీ దారికి అడ్డు రాకుండానే శబ్దం తగ్గుతుంది. పికప్ తొట్టి కింద కార్లకు లేనంత చోటుండగా పొట్టి సైలెన్సర్ బిగించడం చేతిలో ఉన్న సౌకర్యాన్ని పారవేసుకోవడమే.

పికప్ యజమానులు ఎక్కువగా బాధపడేది లోతు శబ్దం వల్లనే. హైవే మీద స్థిరవేగంతో పోతున్నప్పుడు క్యాబిన్ అంతా ఒకే స్వరంతో హోరెత్తి, గంటలో తలనొప్పి తెప్పించే ఈ మోతకు కారణం ఉంది: నిమిషానికి 1800 చుట్ల దగ్గర వీ-8 ఇంజన్ సెకనుకు 120 దెబ్బలు వెలువరిస్తుంది, పొట్టిగా, వెనుక గోడతో మూసుకుపోయిన పికప్ క్యాబిన్ ఆ స్వరానికి ప్రతిధ్వనిస్తుంది. ప్రధాన పైపు పక్కన, ఆ స్వరపు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవున్న, చివర మూసిన గొట్టాన్ని అతికిస్తే ఆ ఒక్క స్వరం రద్దవుతుంది. వేడి వాయువులో ధ్వని సెకనుకు 500 మీటర్ల దాకా పోతుంది కనుక దాని పొడవు ఒక మీటరుకు కాస్త అటూ ఇటూ వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అదే వేగానికి దెబ్బలు 60 మాత్రమే, గొట్టం రెండు మీటర్లు కావలసి వస్తుంది, అంత పొడవుకు చోటు దొరకదు. అందువల్ల అక్కడ గదుల సైలెన్సరే శరణ్యం.

తెలుగు నేల మీద తిరిగే బొలెరో పికప్, టాటా యోధా వంటి బండ్లలో అధికభాగం టర్బో డీజిల్‌వి, వాటికి పై లెక్క యథాతథంగా వర్తించదు. పొగ టర్బైను చక్రాన్ని తిప్పి వచ్చేసరికి దెబ్బల పదును చాలావరకు పోతుంది, ఆ తరువాతి పైపులో స్కావెంజింగ్ కోసం ఆశించేది ఏమీ ఉండదు. అక్కడ దారి ఎంత సులువైతే టర్బోకు అంత మేలు. అలాగని కంపెనీ పైపును మార్చితే గొప్ప లాభం వస్తుందనుకోరాదు, ఎందుకంటే మూడువేల పైచిలుకు చుట్లకు మించని, 75 నుంచి 100 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉండే ఇంజన్‌కు కంపెనీ కొలతే సాధారణంగా చాలినంత. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల తరువాత వచ్చిన డీజిల్ పికప్‌లలో మసిని పట్టి ఉంచి తానే కాల్చివేసే వడపోత, దాని ముందు వెనుకల ఒత్తిడిని కొలిచే సెన్సర్ పొగగొట్టంలో భాగాలయ్యాయి. ఆ వడపోతను కోసి తీసేయించి, కంప్యూటర్‌ను మభ్యపెట్టి బండి తేలికైందని చెప్పుకోవడం ఊరి గాలిలోకి మసి వదలడమే. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. విశాఖపట్నంలో పోలీసులు మోత సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద నలిపించారు. అవి మోటారు సైకిళ్లవి కావచ్చు, చట్టం మాత్రం పికప్‌కూ అదే.

ఏ కొలతా, ఏ సైలెన్సరూ సరిచేయలేని తప్పు ఒకటుంది: ఖర్చు తగ్గించుకోవడానికి గొట్టాన్ని తొట్టి కిందనే కోసి వదిలేయడం. కదిలే బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి, కింద వెలువడిన పొగ వెనుక తలుపు సందుల్లోంచి పైకి లాగబడుతుంది. మిరపకోతకు వెళ్లే కూలీలను, పెళ్లివారిని, చట్టం ఒప్పకున్నా, టార్పాలిన్ కప్పిన తొట్టిలో ఎక్కించుకొనిపోవడం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నిత్యం కనిపిస్తుంది. డీజిల్ పొగలో మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. పెట్రోలు, సీఎన్‌జీ బండ్ల పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది పీల్చినవారు నిద్ర వచ్చిందనుకొని ఒరిగిపోతారు. కాబట్టి పైపు చివర వెనుక చక్రం దాటి, తొట్టి అంచుకు బయటగా ముగియాలి. వేయించిన రోజే ఇంజన్ నడిపించి, ప్రతి అతుకు చుట్టూ తడి చేతితో పొగ కారుతోందేమో చూసుకోవాలి, ముఖ్యంగా క్యాబిన్ నేల కిందుగా పోయే అతుకుల దగ్గర.