అరుగు మీద ఆ ఇద్దరు

కొండగట్టు చుట్టుపక్కల పల్లెల్లో ఇది మీకు కొత్త కాదు. పొలం నుంచి వచ్చిన పెద్దాయన ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. అరుగు మీద కూర్చుని కుక్క తల నిమురుతూ మాత్రం ఏదో చెబుతుంటాడు. దుబాయ్‌లో ఉన్న కొడుకు మీద బెంగ కావచ్చు, తీరని అప్పు కావచ్చు. 'మగాడు ఏడవకూడదు' అని వింటూ పెరిగినవాడికి అది తప్పు పట్టని తోడు.

దీని వెనక శరీరధర్మమూ ఉంది. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. తల్లీబిడ్డల అనుబంధంలో పాత్ర ఉన్న హార్మోనే ఇది.

అందుకే కుక్క చనిపోయి ఆయన అన్నం ముట్టకపోతే 'కుక్క కోసం ఇంత బాధా?' అని నవ్వకండి. దాని గురించి చెప్పనివ్వండి. వారాలు గడిచినా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే డాక్టరుకు చూపించండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

కుక్క బతికి ఉన్నా సరే, ఆయన బెంగ వినాల్సింది అదొక్కటే కాదు. ఈ సాయంత్రం మీరూ ఆ అరుగు మీద కాసేపు కూర్చోండి.