గర్భాశయము: పరీక్షయా, కోతయా?

మన తెలుగునాట విపరీతమైన దొకటి జరుగుచున్నది. గర్భాశయమును కోయించి తీయించుకొన్న స్త్రీల సంఖ్య, ఆ గర్భాశయ ముఖమున క్యాన్సరు జాడ కలదో లేదో చూపించుకొన్న స్త్రీల సంఖ్యను మించిపోయినది. ఇది అతిశయోక్తి యని పాఠకులు తలంపవలదు. 2015-16 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వఱకు వయసుగల స్త్రీలలో గర్భాశయము తీయబడినవారు దేశము మొత్తముమీద నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున సుమారు 9 మంది, తెలంగాణమున సుమారు 8 మంది. ఈ లెక్కలో మనము దేశమునకు అగ్రభాగమున నున్నాము. ఇక రెండవ లెక్క. 2019-21 సర్వేలో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయ ముఖ క్యాన్సరు పరీక్షను జన్మమున నొక్కమాఱైన చేయించుకొన్నవారు మన రెండు రాష్ట్రములందును నూటికి ఐదుగురు లేరు. దేశమున ఇద్దఱైనను లేరు. పొరుగున తమిళనాట మాత్రము పదిమందికి చేరువగ నున్నారు.

శస్త్రచికిత్సలన్నియు నిష్కారణములని మేమనుట లేదు. గడ్డలు పెరిగి, ఎడతెగని రక్తస్రావముచే క్షీణించి, మందులచే నెమ్మదింపని వారికి గర్భాశయమును తీయుట ప్రాణరక్షకమే. కాని మన పల్లెలలో తఱచుగ జరుగునది వేఱు. ముప్పదియైదేండ్ల కాపుటిల్లాలికి తెల్లబట్ట యగుచుండును, నడుము నొచ్చుచుండును. ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు రెండు సూదిమందులు వేసి పట్టణములోని నర్సింగుహోమునకు దారి చూపును. అచ్చట స్కానింగు తీసి, గర్భసంచి వాచినదనియు, పుండు పడినదనియు, నేడు తీయకున్న రేపు క్యాన్సరగుననియు చెప్పుదురు. క్యాన్సరను మాట చెవిని పడినంతనే భర్తకు కాళ్లు చేతులు ఆడవు. పిల్లలు కలిగిరి గదా, ఇక దానితో పనియేమని యింటిలోని పెద్దలందురు. వడ్డీకి సొమ్ము తెచ్చి మఱునాడే బల్ల యెక్కింతురు. తెల్లబట్టకు కారణము చాలవఱకు మాత్రలతో మానునట్టి సామాన్యమైన అంటుదోషమనియు, క్యాన్సరునకు ముందటి మార్పును కడుపుమీద పెట్టి చూచు స్కానింగు పట్టజాలదనియు ఆ యింటివారికి చెప్పువారు లేరు.

ఈ పద్ధతి యెంత ముదిరినదనగా, అనవసరముగ గర్భాశయములు తీయుటను అరికట్టుటకు కేంద్రప్రభుత్వమువారు 2022లో నియమములు వెలువరింపవలసి వచ్చినది. 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టువారు వానిని రాష్ట్రములన్నియు మూడు నెలలలో అనుసరింపవలెనని ఆజ్ఞాపించిరి.

భయపడి తీయించుకొన్నంత మాత్రమున భయము తీఱునా యన్న, అదియును నిశ్చయము కాదు. ఈ క్యాన్సరు పుట్టునది గర్భసంచి లోపల కాదు, ఆ సంచికి కంఠమువలె నుండు ముఖభాగమున. కొన్ని శస్త్రములలో సంచిని తీసి ముఖమును విడిచిపెట్టుదురు. అట్టివారికి అపాయస్థానము నిలిచియే యున్నది. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. లోపల నిజముగనే క్యాన్సరు ముదిరియున్నప్పుడు, పరీక్షింపక సామాన్యమైన కోత కోసినచో, తీయవలసిన దంతయు తీసినట్లు కాదు, ఆ తరువాతి చికిత్స మఱింత చిక్కుపడును. గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసిరేని, నలువదేండ్లు నిండకయే ముట్లుడిగి, ఎముకలు బోలువారి, గుండెజబ్బులకు దారి యేర్పడును. ఇన్ని నష్టములకు ఒడిగట్టుటకు ముందు అయిదు నిమిషముల పరీక్ష యొకటి యున్నదని తెలియకుండుట కంటె శోచనీయ మేమున్నది?

వ్యాధి మాత్రము తేలికగ నెంచదగినది కాదు. 2022లో మన దేశమున 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఇది క్రొత్తగ సోకినట్లును, 80,000 మందికి చేరువగ చనిపోయినట్లును అంతర్జాతీయ గణనము తెలుపుచున్నది. అనగా సుమారు ఏడు నిమిషముల కొక ప్రాణము. దీనికి మూలము హ్యూమన్ పాపిలోమా వైరసు అను సూక్ష్మజీవి. అందు పెక్కు రకము లున్నను, 16, 18 అంకెలు గల రెండు రకములే నూటికి డెబ్బది వంతులకు పైగా ఈ క్యాన్సరులకు కారణములు. ఈ సంగతి తేల్చిన జర్మను వైద్యుడు హరాల్డ్ ట్సూర్ హౌజెను గారికి 2008లో నోబెలు బహుమాన మిచ్చిరి. వైరసు సోకినవారిలో పెక్కుమందికి అది రెండేండ్లలోపల తనంత తానే నశించును. ఏ కొందఱియందో అది నిలిచి, గర్భాశయ ముఖముమీది పొరను మెల్లమెల్లగ చెఱచి, పదునైదు ఇరువది యేండ్లకు క్యాన్సరుగ మాఱును. శరీరబలము తగ్గినవారికి, ముఖ్యముగ హెచ్.ఐ.వి. గలవారికి, ఐదు పదేండ్లే చాలును. పొగత్రాగుడు, చిన్ననాటి వివాహము, పెక్కు కాన్పులు దీనికి తోడగును. అయినను సామాన్యముగ నొక పుష్కరము వచ్చి పోవు కాలమునకు మించిన గడువు మనకు కలదు. ఇంత గడువిచ్చు ప్రాణాంతక వ్యాధులు అరుదు. ఈ గడువులో రోగికి ఏ బాధయు నుండదు. అందుచేతనే బాధ లేనప్పుడు పరీక్షింపవలెను.

ఆ పరీక్ష యెట్టిదో చెప్పెదము. స్త్రీని బల్లమీద పరుండబెట్టి, శిక్షణ పొందిన నర్సు ఒక చిన్న పరికరముతో మార్గమును విప్పి గర్భాశయ ముఖమును చూచును. వెనిగరులో నుండు ఆమ్లమునే పలుచన చేసి దూదితో దానిపై నద్ది, ఒక్క నిమిషము వేచియుండును. చెడిన పొర యున్నచోట తెల్లని మచ్చ తేలును. కోత లేదు, మత్తు లేదు, కాసంత యిబ్బందియే కాని నొప్పియు నంతగా లేదు. ముట్లుడిగిన స్త్రీలకు ఆ పొర లోనికి ముడుచుకొనిపోవుటచే ఈ పద్ధతి నమ్మదగినది కాదు. వారికి ప్యాప్ పరీక్ష గాని వైరసు పరీక్ష గాని కావలెను. ప్యాప్ అనునది గ్రీసు దేశీయుడైన పాపనికొలావు గారి పేర వచ్చినది. 1943లో ఆయన గ్రంథము వెలువడిన పిమ్మట పాశ్చాత్యదేశములలో ఇది వ్యాపించినది. ముఖభాగమునుండి చిన్న కుంచెతో కణములు తీసి, సూక్ష్మదర్శినిలో చూచుటయే అందలి పని. వైరసు పరీక్ష వీనిలో నిశితమైనది. దానికి కావలసిన నమూనాను స్త్రీ తెరచాటున తానే తీసి యీయవచ్చును. కేంద్రప్రభుత్వమువారి 2016 నాటి నియమము ననుసరించి 30 మొదలు 65 ఏండ్ల వఱకు ప్రతి స్త్రీకి ఐదేండ్ల కొకమాఱు ఆమ్లపరీక్ష జరుగవలసి యున్నది.

మచ్చ కనబడిన దనగా క్యాన్సరు వచ్చినదని కాదు. ఈ మాట గట్టిగ జ్ఞాపకముంచుకొనవలెను, ఏలనన నర్సింగుహోముల బెదరింపు మరల నిచ్చటనే మొదలగును. ఆ చెడిన పొరను శీతలముచే గాని వేడిచే గాని కాల్చివేయుదురు, లేక ఆ మేరకే కత్తిరింతురు. గర్భాశయము దాని చోట అది యుండును.

ఇది ఇంగ్లండు, అమెరికాలకే తగిన పని యనువారు గలరు. అట్టివారు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములో చేరియున్న ఉస్మానాబాదు జిల్లాను చూతురుగాక. ఇప్పుడు దానిని ధారాశివ్ అనుచున్నారు. అచ్చటి పల్లెలలో 30 మొదలు 59 ఏండ్లు గల 1,31,746 మంది స్త్రీలను వర్గములుగ విభజించి పరిశీలించిరి. ఒక్కమాఱు వైరసు పరీక్ష చేసి, అవసరమైన వారికి చికిత్స యిచ్చిన వర్గమున, ఎనిమిదేండ్లలో ఈ క్యాన్సరుచే చనిపోయినవారు పరీక్ష లేని వర్గముతో పోల్చగా సుమారు సగమే యని 2009లో ప్రకటించిరి. బొంబాయి మురికివాడలలో టాటా ఆస్పత్రివారు మఱియొకటి చేసిరి. పదవ తరగతి చదివిన స్త్రీలకు నాలుగు వారముల శిక్షణ యిచ్చి, వారిచే రెండేండ్ల కొకమాఱు ఆమ్లపరీక్ష చేయించిరి. మరణములు నూటికి 31 వంతులు తగ్గినవి. సోలాపురపు పొలిమేరలలో సాధ్యమైనది గుంటూరునను నల్లగొండలోను అసాధ్యమగునా?

అడ్డు మన యిండ్లలోనే యున్నది. ఎద్దును కొనునపుడు నోరు తెఱచి పండ్లు చూతుము. వానలకు ముందే చెఱువుకట్టమీద నడచి ఎలుకబొరియలు వెదకుదుము. గండి పడువఱకు నిలువము. ఇల్లాలియెడల మాత్రము ఈ జాగ్రత్త చూపము. జబ్బులేని స్త్రీని వైద్యుని యొద్దకు పంపు ఆచారము మన గృహములలో లేదు. నాకేమి రోగమని పోవలెనని ఆమెయు ననును. సిగ్గు సహజమే. పరీక్ష చేయునది స్త్రీయే యని చెప్పినచో సగము తీఱును. ఊరినుండి పదుగురు కలసి పోయినచో తక్కినదియు తీఱును. డ్వాక్రా సంఘములు అప్పుల లెక్కకే గాక దీనికిని పనికివచ్చును.

మఱియొక మాట పురుషులతో చెప్పవలసి యున్నది. వైరసు కనబడినదని తెలిసినంతనే భార్య శీలమును శంకించు మూఢులు గలరు. కాపురము చేయు స్త్రీపురుషులలో పెక్కుమందికి జీవితమున నెప్పుడో యొకప్పుడు ఇది సోకియే యుండును. ఎన్నియో యేండ్ల క్రిందటిది నేడు బయటపడవచ్చును. మగవానికి చాలవఱకు ఏ గుర్తును కానరాదు, కాని భార్యకు దానిని తెచ్చునది అతడే కావచ్చును. శంకించువాడు ముందు తన్ను తాను ప్రశ్నించుకొనుట మేలు.

సంభోగానంతరము గాని, ముట్టునకు ముట్టునకు నడుమ గాని, ముట్లుడిగిన పిమ్మట గాని రక్తము కనబడుట, దుర్వాసన గల స్రావము, తగ్గని పొత్తికడుపు నొప్పి యున్నచో, అయిదేండ్ల గడువు లెక్కింపక వెంటనే వైద్యురాలికి చూపవలెను. ముట్లుడిగిన ముసలమ్మకు రక్తము కానవచ్చిన, వేడి చేసినదని ఊరకుండుట మన యిండ్లలో సామాన్యము. అది ప్రమాదము. ఈ పత్రికను చదువు గృహస్థులు ఈ కొన్ని వాక్యములనైనను తమ యింటి స్త్రీల చేతికీయ వేడుచున్నాము.

టీకా మాట యడుగుదురు. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయదగిన టీకా పూనా సంస్థ యొకటి 2023లో బజారునకు తెచ్చినది. అది మంచిదే. అయినను టీకా పొందిన బాలికయు ముప్పదియేండ్లు వచ్చిన పిమ్మట పరీక్ష చేయించుకొనవలసినదే, ఏలనన టీకా అన్ని రకములను ఆపజాలదు. ఈ టీకాకు మన దేశమున చెడుపేరు వచ్చినది ఖమ్మము జిల్లాలోనే. 2009లో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో ఒక అమెరికా సంస్థ సహాయమున సుమారు పదునాలుగు వేల బాలికలకు దీనిని వేసిరి. ఆశ్రమ పాఠశాలలలోని గిరిజన బాలికలకు తల్లిదండ్రుల మాఱు వార్డెనులు సంతకములు పెట్టిరి. కొందఱు బాలికలు చనిపోగా, 2010లో ఆ పని నిలిపివేయబడెను. మరణములకు టీకా కారణమనుటకు ఆధారము లేదని విచారణసంఘము చెప్పినను, సమ్మతి తీసికొన్న తీరు తప్పని తేల్చెను. 2013లో పార్లమెంటరీ సంఘము తీవ్రముగ మందలించెను. మందు మంచిదైనను చెప్పకుండ పొడిచిన సూదికి ఇట్టి ఫలము. చెప్పకుండ కోయు కత్తికిని ఇదే వర్తించును.

ఇక ప్రభుత్వములు. 2007 నుండి ఆరోగ్యశ్రీ యను పేరనో మఱియొక పేరనో క్యాన్సరు చికిత్సకు లక్షలు చెల్లించుచున్నారు, మంచిదే. ఆ లక్షలలో నెన్నవ వంతు పరీక్షకు పోవుచున్నది? 2030 నాటికి నూటికి 70 మంది స్త్రీలకు 35వ యేటను 45వ యేటను పరీక్ష జరుగవలెనని ప్రపంచారోగ్య సంస్థ 2020లో నిర్ణయించినది. శిబిరములు పెట్టి ఫొటోలు తీయించుకొనుట మనకు బాగుగ నలవడినది. ఫలితపు కాగితము స్త్రీ చేతికి చేరుట మాత్రము అలవడలేదు. మచ్చ కనబడిన స్త్రీని జిల్లాకేంద్రమునకు పొమ్మందురు. కూలి పోగొట్టుకొని, తోడులేక, ఆమె పోదు. వేడిచే చెడిన పొరను మాడ్చు పరికరము చేతిసంచిలో పట్టునంతటిది, బ్యాటరీతో నడచును, శీతలచికిత్సకు వలె వాయువు బండలు దానికి కావలెనను నిర్బంధము లేదు. పని నిమిషములలో ముగియును. అట్టిది మండలమున కొకటియు, దానిని నడుపనేర్చిన నర్సు ఒకతెయు నున్నచో, ఉదయము శిబిరమునకు వచ్చిన స్త్రీ పరీక్షయు చికిత్సయు ముగించుకొని ఆ సాయంకాలపు బస్సులోనే ఊరు చేరగలదు.