సున్న యనిపించుకొన్న బాలుడు

2024 సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన వెలువడిన ‘35 – చిన్న కథ కాదు’ అను చలనచిత్రము మన ప్రాంతమునకు పరాయిది కాదు. కథాస్థలము తిరుపతి, దర్శకుడు నందకిశోర్ ఈమాని. ప్రసాదు, సరస్వతి అను దంపతుల పెద్దకుమారుడు అరుణ్ గణితమున వెనుకబడినాడు. అందులకు కారణము బుద్ధిమాంద్యము కాదు, ఒక ప్రశ్న. సున్నకు విలువ లేదందురు. ఆ సున్నయే ఒకటి ప్రక్కన చేరినంతనే తొమ్మిదిని మించిన పది యెట్లగుచున్నది? ఇది తెలియక వాడు ముందునకు సాగలేకున్నాడు. గణితోపాధ్యాయుడు చాణక్యవర్మ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మారుగా బాలునికే ‘జీరో’ యని పేరు పెట్టెను.

సున్నను గూర్చి తడబడుట సిగ్గుచేటగునెడల, ఆ సిగ్గు మొదట మన మహాగణితవేత్తలకే చెందవలెను. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు సున్నతో చేయు గణనములకు సూత్రములు కల్పించెను. అయినను సున్నను సున్నచే భాగించిన సున్నయే వచ్చునని వ్రాసెను. తొమ్మిదవ శతాబ్దమున గణితసారసంగ్రహమును కూర్చిన మహావీరాచార్యుడు, ఏ సంఖ్యను సున్నచే భాగించినను అది మార్పు నొందదని చెప్పెను. ఈ రెంటిని నేటి శాస్త్ర మంగీకరింపదు. ఆ మహావీరుని గ్రంథమునే పావులూరి మల్లన తెనుగుచేసి మన భాషకు గణితమును ప్రసాదించెను. ఆచార్యులు తడబడినచోట పిల్లవాడు నిలిచి ప్రశ్నించినచో వానిని ముందుబెంచీపై కూర్చుండబెట్టవలెను గాని, వెక్కిరింపరాదు. అన్నట్లు, మన పూర్వులు సున్నకు శూన్యమనియే గాక పూర్ణమనియు సంకేతము వాడియున్నారు. చాణక్యవర్మకు ఈ సంగతి తెలియదు గాబోలు!

రామసముద్రమునకు పొరుగుననున్న మదనపల్లెలో 1895లో జన్మించిన మరియొక బాలుని కథ చదువరులకు తెలిసినదే. జిడ్డు కృష్ణమూర్తి మలేరియాచే బాల్యమున పలుమారు మంచము పట్టెను. బడిలో మందబుద్ధి యనిపించుకొనెను. పాఠము రాక బెత్తపుదెబ్బలు తినెను. తండ్రి నారాయణయ్యతో 1909లో అడయారు చేరిన పిదపను, చదువులో తోడ్పడిన ఎర్నెస్టు వుడ్డు అతనిని తెలివితక్కువవానిగనే యెంచెను. తన్ను జగద్గురువుగా నిలుపుటకై యేర్పడిన నక్షత్రసంఘమును 1929లో రద్దుచేసినవాడు ఆ బాలుడే. మదనపల్లె సమీపమున రిషీవ్యాలీ విద్యాలయము ఆయన సంకల్పముననే వెలసినది. పిల్లల నొకరితో నొకరిని పోల్చుట, బహుమానముల ఆశ చూపుట, దండించుట మనస్సున భయమును నాటునని ఆయన 1986లో మరణించువరకును చెప్పుచునే యుండెను. అయితే దీనిని చూపి, దెబ్బలు తిన్నవారే గొప్పవారగుదురని యెవరైన వాదించినచో మేము సమ్మతింపము. ఆ బాలుడు మదనపల్లెలో సామాన్యగృహస్థుగా జీవించియున్నను ఆ దెబ్బలు అన్యాయములే.

చిత్రమున మాకు మిక్కిలి నచ్చినది తల్లి పాత్ర. పదవ తరగతి తప్పిన సరస్వతి, కుమారుని కొరకు మరల గణితపుస్తకము చేతబట్టినది. తాను నేర్చుకొనుచునే వానికి నేర్పినది. తనకు రానిదానిని దాచక తల్లి ప్రక్కన కూర్చుండినప్పుడు బాలుని భయము సగము తీరును. తన ప్రశ్న తప్పు కాదనియు, తాను సున్న కాననియు వానికి తోచుట అచటనే. ఈ పాత్రకు గాను నివేదా థామస్‌కు తెలంగాణ ప్రభుత్వము 2024 సంవత్సరపు గద్దర్ పురస్కారమును ఉత్తమనటిగా నొసగినది.

మా ఆక్షేపణయు అచటనే కలదు. బడి చేసిన గాయమునకు ఇల్లు మందు వేయవలసివచ్చినది. తెల్లవారక మునుపే టమాట కోతకు పోవు తల్లి, పలక పట్టని తల్లి, ఏ సరస్వతివలె పుస్తకము తెరువగలదు? ఆమె బిడ్డ సున్నగనే మిగిలిపోవలెనా?

ఆ యంకె ఎంతపని చేయగలదో 2019 ఏప్రిలులో తెలంగాణమున చూచితిమి. ఇంటర్మీడియట్ ఫలితములలో ఒక బాలికకు తెలుగున సున్న వచ్చినదని ప్రకటించిరి; మరల పరిశీలింపగా అది 99 అని తేలినది. ఆ బాలిక సమర్థురాలని లోకమునకు తెలియుటకు రెండవమారు పత్రము చూడవలసివచ్చెను. ఆ ఫలితముల పిదప పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. వారిలో మార్కులు నిజముగనే తక్కువ వచ్చినవారును ఉండవచ్చును. అంతమాత్రమున వారి ప్రాణము తక్కువదా?

చట్టము లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు 17వ విభాగము శారీరకదండనను, మానసికవేధింపును నిషేధించినది. కాని ఆ చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు వారికి మాత్రమే వర్తించును. పోటీ పరీక్షల రాపిడి ముదురునది ఆ వయస్సు దాటిన పిదపనే. విశాఖపట్టణమున చదువుచుండి మరణించిన పదునేడేండ్ల విద్యార్థిని వ్యవహారమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, ఈ లోపమును పూరించుటకు మార్గదర్శక సూత్రములను విధించినది. శిక్షణాలయములు మార్కుల ననుసరించి విద్యార్థులను వేరువేరు జట్లుగా విడదీయరాదు, పదిమందిలో అవమానింపరాదు, శక్తికి మించిన లక్ష్యములు పెట్టరాదు. ప్రైవేటు శిక్షణాలయముల విషయమున రాష్ట్రములు రెండు మాసములలో నియమావళి తేవలెననియు, జిల్లాలలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణసంఘ ముండవలెననియు ఆదేశించినది.

రామసముద్రము మండలమునుండి పిల్లలను చేర్పించుటకు మదనపల్లెకును, పుంగనూరునకును పోవు తండ్రులు, కుప్పమున అట్టి పనిమీదనే తిరుగు గృహస్థులు, రుసుము ఎంత, ఉత్తీర్ణులైనవా రెందరు అని మాత్రమే అడిగి వచ్చుచున్నారు. మార్కులను బట్టి గదులు వేరుచేయుదురా, తక్కువ వచ్చినవానిని తరగతిలో ఏమని పిలుతురు అనియు అడుగవలెను. సమాధానమును నోటిమాటగా గాక వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. తమ జిల్లాలో ఆ సంఘ మేర్పడినదో లేదో కలెక్టరు కార్యాలయమున విచారింపవలెను.