ప్లకార్డు మీద పాకిస్తాన్, కుర్చీలో మా భాంజా

 

మా ఆపా కొడుకు నందిగామలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పోయిన చలికాలం విజయవాడలో ఒక ప్రైవేటు విద్యాసంస్థ పెట్టిన మోడల్ యునైటెడ్ నేషన్స్ సదస్సుకు వెళ్లొచ్చాడు. రెండు రోజుల మజ్లిస్. ఫీజు కట్టాం, టై కొన్నాం, కోటు మాత్రం జగ్గయ్యపేటలో తెలిసిన ఒక కొత్త పెళ్లికొడుకు దగ్గర అరువు తెచ్చాం. వాడు తిరిగొచ్చి చెప్పిన సంగతి విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఈ రాత.

ఈ సదస్సు అంటే ఏమిటో తెలియని తల్లిదండ్రులకు ముందు రెండు ముక్కలు చెబుతాను. ఇది నమూనా ఐక్యరాజ్యసమితి. పిల్లలకు ఒక్కో దేశం ఇస్తారు. ఆ దేశం పేరు రాసిన అట్టముక్క, అదే ప్లకార్డు, ముందు పెట్టుకుని కూర్చుంటారు. సదర్ స్థానంలో ఛైర్ ఉంటారు. ముందు హాజరు పిలుస్తారు. మాట్లాడాలంటే ప్లకార్డు ఎత్తాలి, వక్తల జాబితాలో పేరు రావాలి, ఇచ్చిన సమయంలో ముగించాలి. "నేను" అనకూడదు, "ఫలానా దేశ ప్రతినిధి" అనాలి. ఎదుటివాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, హేళన చేయకూడదు. చివరికి కొన్ని దేశాలు కలిసి ముసాయిదా తీర్మానం రాస్తాయి, సవరణలు వస్తాయి, ఓటింగు జరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద ఖాయిదా ఒకటుంది. నీ సొంత అభిప్రాయం ఏదైనా సరే, నీకిచ్చిన దేశం విధానాన్నే నువ్వు వినిపించాలి.

మంచి ఖాయిదాలే. నాకు వీటి మీద తకరారు లేదు. తన వంతు వచ్చేదాకా ఆగడం, ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, కోపం వచ్చినా అదబ్ తప్పకపోవడం మన ముషాయిరాల్లో పెద్దలు నేర్పిన తహజీబే. నా ఫిర్యాదల్లా ఈ ఖాయిదాలు పుస్తకంలో ఉండి హాల్లో లేకపోవడం గురించి.

మా వాడి కమిటీలో చర్చాంశం సరిహద్దులు దాటే నదుల నీళ్లు. వాడికి దక్కిన దేశం పాకిస్తాన్. వాడితో పాటు ఆ కాలేజీ నుంచి వెళ్లిన ముస్లిం పిల్లలు ఇంకో ముగ్గురు. ఒకరికి అఫ్ఘానిస్తాన్, ఒకరికి సౌదీ అరేబియా, ఒకరికి టర్కీ. ఇత్తెఫాక్ అంటారా? నలుగురిలో ఒక్కడికైనా బ్రెజిలో, నార్వేనో, పోనీ శ్రీలంకో రాకూడదా?

అయినా వాడు ఏమీ అనలేదు. కూర్చుని చదివాడు. 1960 సెప్టెంబరులో కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందం చదివాడు. రావి, బియాస్, సట్లెజ్ మనకు, సింధు, జీలం, చీనాబ్ వాళ్లకు అని నోటు రాసుకున్నాడు. పహల్గాం దాడి తరువాత 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని నిలిపివేసిందనీ, దాని మీద పాకిస్తాన్ ఏమంటున్నదో కూడా రాసుకున్నాడు. మొదటి రోజు లేచి పాకిస్తాన్ ప్రతినిధి చెప్పాల్సిన మాట చెప్పాడు. వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది: "మీ దేశం సంగతి నువ్వు కాక ఎవరు చెబుతార్లే!" హాలంతా నవ్వు. వాడు ప్లకార్డు ఎత్తి ఫిర్యాదు చేశాడు. ఛైర్‌లో ఉన్న డిగ్రీ కుర్రాడు కూడా నవ్వి, "లైట్ తీసుకో" అన్నాడట. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంకో ఇద్దరు "ఏం జనాబ్, వీసా దొరికిందా?" అన్నారట.

రెండో రోజు వాడు లేచి ఏం చేశాడో తెలుసా? పాకిస్తాన్ తప్పు చేసిందని, పాకిస్తాన్‌కు నీళ్లు అడిగే హక్కే లేదని, పాకిస్తాన్ ప్రతినిధిగా నిలబడి చెప్పాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. సాయంత్రం వాడికి ప్రత్యేక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఆ కాగితాన్ని వాడు ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో అడుగున పడేశాడు. "ఎందుకురా?" అంటే, "మామూ, నేను ఆట సరిగ్గా ఆడినప్పుడు నవ్వారు, ఆట చెడగొట్టినప్పుడు సర్టిఫికెట్ ఇచ్చారు" అన్నాడు. పదిహేడేళ్ల పిల్లాడు.

ఆ ఛైర్ కుర్రాడి మీద నాకు గుస్సా లేదు. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టిన పెద్దల్ని అడుగుతున్నాను. అక్కడ రెండు ఖాయిదాలు తెగిపోయాయి. ప్రతినిధిని వ్యక్తిగతంగా అవమానించడం ఒకటి. ప్రతినిధి తన దేశం విధానం వదిలేయడం రెండోది. మొదటి దానికి మందలింపు ఉండాలి, రెండో దానికి మార్కులు తగ్గాలి. మీరు మొదటి దానికి నవ్వారు, రెండో దానికి ఇనామ్ ఇచ్చారు. ఇక ఆ పుస్తకం ఎందుకు అచ్చు వేశారు?

ఇది వకాలత్ విద్య. వకీలు తన కక్షిదారు మాట చెబుతాడు, కక్షిదారు అయిపోడు. మన నందిగామ, జగ్గయ్యపేట రైతులకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ చివర భూములు మనవి. నీళ్ల పంచాయితీ అంటే ఏమిటో తెలిసినవాళ్లం. కృష్ణా నీళ్ల మీద 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తరఫున వకీళ్లు ఏళ్ల తరబడి బహస్ చేశారు. చివరికి మన వాటా 811 టీఎంసీలని తేలింది. ఎదుటి రాష్ట్రం తరఫు వకీలును "మీ ఊరికి పో" అని వెనకనుంచి అరిస్తే ఆ ట్రిబ్యునల్ ఒక్కరోజు నడిచేదా?

ఇంకా దగ్గరి మిసాల్ చెబుతాను. 1948 దాకా జగ్గయ్యపేట దాటితే నిజాం సరిహద్దే. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలినప్పుడు విజయవాడ వైపు నుంచి వెళ్లిన దళాలు మన దారినే కోదాడ, మునగాల వైపు పోయాయి. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు 16న, పారిస్‌లో భద్రతామండలి హైదరాబాదు ఫిర్యాదు విన్నది. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున ఆర్కాట్ రామస్వామి ముదలియార్. ఇక్కడ తుపాకులు పేలుతున్నాయి. అక్కడ ముదలియార్ దలీల్ ఏమిటి? హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదు, ఈ ఫిర్యాదు వినే అధికారం మండలికి లేదు అని. అది కానూన్ మాట. నిజంగా యుద్ధం జరుగుతున్న రోజున పెద్దలు కానూన్ మాట మాట్లాడగలిగితే, ఏసీ హాల్లో అట్టముక్కలు పెట్టుకున్న మన పిల్లలకు ఆ పాటి అదబ్ నేర్పలేమా?

ఇక ఏ ఖాయిదాలు గట్టిగా అమలు చేశారో కూడా చూడండి. మా వాడికిచ్చిన కాగితంలో దుస్తుల నియమం సగం పేజీ ఉంది. కోటు, టై, నల్లబూట్లు. కుర్తా, షేర్వానీ కుదరవట. ఒక పిల్లాడు టై లేకుండా వస్తే గుమ్మం దగ్గరే ఆపారు. కొన్ని సదస్సుల్లో మన దేశపు దుస్తులు కూడా ఒప్పుకుంటున్నారు, వాళ్లకు శభాష్. ఒప్పుకోని వాళ్లకు ఒక సవాల్. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సౌదీ రాకుమారుడు ఫైసల్ సంతకం చేసింది అరబ్బు దుస్తుల్లోనే. 1953లో సర్వప్రతినిధి సభకు అధ్యక్షురాలైన మొదటి మహిళ విజయలక్ష్మీ పండిట్ చీరలోనే ఆ కుర్చీలో కూర్చున్నారు. అసలు సమితిలో చెల్లిన బట్టలు మీ నమూనా సమితిలో ఎందుకు చెల్లవు?

భాష సంగతీ అంతే. ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట్లాడితే మందలింపు. అసలు సమితికి అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. ఆ ఆరూ రాకపోయినా సర్వప్రతినిధి సభలో ఏ భాషలోనైనా ప్రసంగించవచ్చు, తర్జుమా ఏర్పాటు మాత్రం మాట్లాడేవాళ్లే చేసుకోవాలి. అది అక్కడి నిబంధనల్లోనే ఉంది. 1977లో విదేశాంగ మంత్రిగా వాజపేయి హిందీలో మాట్లాడింది ఆ సభలోనే.

"ఇంగ్లీషు నేర్పడానికే కదా ఈ సదస్సులు" అంటారు కొందరు. అలాగైతే ఇంగ్లీషు వక్తృత్వ పోటీ అని బోర్డు పెట్టండి, ఎవరూ కాదనరు. దౌత్యం నేర్పుతున్నామంటే మాత్రం భాష అడ్డం కాకూడదు. పైగా తెలుగులో ఈ పనికి మాటలు లేవనుకుంటున్నారా? హాజరు, ఫిర్యాదు, వాయిదా, రాజీ, సిఫారసు, ముసాయిదా. ఉర్దూ ఇచ్చింది, తెలుగు తీసుకుంది, కచేరీల్లో వందల ఏళ్లుగా నడుస్తున్నాయి. జగ్గయ్యపేట మిర్చి రైతు కూడా వాయిదా అంటే ఏమిటో చెప్పగలడు.

"ఇది పిల్లల ఆట, ఇంత రాద్ధాంతమా?" అనేవాళ్లకూ ఒక జవాబు. ఆట కాబట్టే అడుగుతున్నాను. మన దగ్గర గొడవొస్తే ఎదుటివాడి కులం, మతం ఎత్తకుండా వాదించేవాళ్లు ఎంతమంది? కాసేపు ఎదుటివాడి కుర్చీలో కూర్చుని, వాడి మాటను వాడికన్నా బాగా చెప్పి, తిరిగి మన కుర్చీలోకి రావడం నేర్పే ఆట ఇదొక్కటే. దాన్ని కూడా చెడగొడితే మన పిల్లలు ఇంకెక్కడ నేర్చుకుంటారు?

మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. మా దుల్హాభాయి ఏమన్నారంటే, "పాకిస్తాన్ వద్దని ముందే దరఖాస్తు పెట్టాల్సింది" అని. నేను ఒప్పుకోను. ఆ కుర్చీ వద్దంటే, ఆ వెనక వరస కుర్రాడి మాటలో ఏదో నిజం ఉందని మనమే సంతకం పెట్టినట్టు. మన పిల్లాడు పాకిస్తాన్ కుర్చీలో కూర్చోవచ్చు, ఇజ్రాయెల్ కుర్చీలోనూ కూర్చోవచ్చు. కూర్చుని బాగా వాదించాలి. వాడి దేశభక్తికి వాడు పుట్టిన నందిగామే గవాహీ. రెండో రోజు వాడు చేసింది తప్పని వాడికీ చెప్పాను. భయపడి చెప్పిన మాటకు చప్పట్లొచ్చినా అది మన మాట కాదు బేటా అన్నాను. వాడు తల దించుకున్నాడు గానీ, వాణ్ణి ఆ మాటకు నెట్టినవాళ్లు ఎవరూ ఇంతవరకు తల దించుకోలేదు.

మన రెండు ఊళ్ల కాలేజీల పెద్దలకు నా సిఫారసులివి.

ఒకటి, దేశాలను చిట్టీలు వేసి పంచండి, అందరి ముందూ. పేరు చూసి ఇవ్వకండి.

రెండు, ఛైర్‌లో కూర్చునేవాళ్లకు ముందు తర్ఫీదు ఇవ్వండి. ప్రతినిధి మతం, కులం, ఊరు, యాస మీద మాట పడితే సభ అక్కడే ఆపి క్షమాపణ చెప్పించాలి. రెండోసారి అంటే బయటికి పంపాలి.

మూడు, ఇచ్చిన దేశం విధానం వదిలేసి చప్పట్ల కోసం మాట్లాడినవాళ్లకు ఇనామ్ లేదు, ఎవరైనా సరే.

నాలుగు, ఇంట్లో ఎవరిచేతో రాయించుకొచ్చిన తీర్మానం, సెల్‌ఫోనులోంచి దించుకొచ్చిన తీర్మానం చెల్లవు. ముసాయిదా హాల్లోనే, పదిమందితో కూర్చుని రాయాలి.

ఐదు, శుభ్రమైన బట్టలు చాలు. కాలేజీ యూనిఫారం ఇంకా మంచిది, పెళ్లికొడుకు కోటు అరువు తెచ్చే పని తప్పుతుంది.

ఆరు, తెలుగులో ఒక కమిటీ తప్పకుండా పెట్టండి. సర్కారు కాలేజీ పిల్లల దగ్గర ఫీజు తీసుకోకండి.

దీనికి హార్వర్డ్ నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఒక హాలు, కొన్ని అట్టముక్కలు, ఇన్సాఫ్ తెలిసిన ఒక పెద్దమనిషి చాలు. హాలు దొరికితే అట్టముక్కలు నేను తెస్తాను. చిట్టీల్లో మా భాంజాకు మళ్లీ పాకిస్తానే వచ్చినా సరే, ఈసారి వాడు చివరిదాకా ఆడతాడు. వెనక వరసను చూసుకునే పని మాత్రం పెద్దలది.

ఖుదా హాఫిజ్.